ఉపా కేసుల్లో రోజుల లెక్క: పల్లెల్లో పౌరహక్కుల పని

(ఉపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, కింద పెట్టే కేసుల గురించి నల్లగొండలో జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నోళ్లకు వినపడుతున్నదా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఎందుకంటే ఈ రోజు చెప్పేదాంట్లో తేదీలున్నయి, రోజుల లెక్కలున్నయి. ఒక్క అంకె తప్పుగా విన్నా ఒక మనిషి ఇంకో మూడు నెలలు జైల్లో ఉండిపోతడు. కాగితం, పెన్ను ఉన్నోళ్లు బయటికి తీయండి. లేనోళ్లు పక్కోళ్లను అడగండి.

ప్రత్యేక చట్టాలు, ప్రత్యేక కోర్టులు ఈ జిల్లాకు కొత్తవి కావు. 1949లో స్పెషల్ ట్రిబ్యునళ్లు సాయుధ పోరాటంలో ఉన్న 12 మందికి ఉరిశిక్ష వేసినయి. వాళ్లలో నల్లా నర్సింహులు జనగామ తాలూకా మనిషి. జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లానే గదా. వాళ్ల కోసం ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాదించిండు. కోర్టు లోపల వాదన, కోర్టు బయట జనం, రెండూ నడిచినయి. ఆ 12 మందినీ ఉరి తీయలేకపోయిన్రు. ఈ రెండూ కలిసి నడవాలె అనే మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్త.

ఇంకో సంగతి ఇటీవలిది. 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో ఒక కానిస్టేబులును, ఒక హోంగార్డును కాల్చి చంపిన్రు. అది ఘోరం. ఆ కుటుంబాల దుఃఖాన్ని పక్కన పెట్టి పౌరహక్కులు మాట్లాడే హక్కు మనకు లేదు. అదే వారంలో, ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే తూటాలకు చనిపోయిన్రు. చేతులకు బేడీలున్నయి. ఆ ఫొటోలు అందరం చూసినం. ఆలేరు అప్పుడు ఈ జిల్లానే. ఆ ఐదుగురి మీద కోర్టు తీర్పు చెప్పకముందే అంతా అయిపోయింది. వాళ్లు దోషులా, నిర్దోషులా? చెప్పాల్సింది ఎవరు? కోర్టు. ఆ మాట చెప్పే అవకాశం కోర్టుకు లేకుండా పోయింది.

సరే, చట్టాల దగ్గరికి వస్త. టెర్రరిజాన్ని ఆపడానికని టాడా అనే చట్టం 1985లో వచ్చింది. 1987లో మళ్లీ పెట్టిన్రు. దానికి ఒక గడువుండేది. రెండేండ్లకోసారి పార్లమెంటు మళ్లీ ఒప్పుకుంటేనే బతుకుతది. ఆ చట్టం కింద 76 వేల మందికి పైగా పట్టుకున్నరు. శిక్ష పడ్డది నూటికి ఇద్దరికి కూడా కాదు. 1994లో సుప్రీంకోర్టు కర్తార్ సింగ్ కేసులో టాడా చెల్లుతదనే అన్నది. మరి అది పోయిందెట్ల? కోర్టు కొట్టెయ్యలేదు. 1995 ఫిబ్రవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ మొదటి చైర్మన్ జస్టిస్ రంగనాథ్ మిశ్రా పార్లమెంటు సభ్యులందరికీ ఉత్తరం రాసిన్రు, దీన్ని పొడిగించొద్దని. అప్పటికే ఊరూరా సభలు నడుస్తున్నయి. ఆ మే నెలలో గడువు దాటిపోయింది, పొడిగించలేదు.

అలాంటిదే ఇంకో చట్టం, పోటా, 2002లో వచ్చింది. పార్లమెంటు రెండు సభలనూ కలిపి కూర్చోబెట్టి పాస్ చేయించుకున్నరు. దానికి మూడేండ్ల గడువు. గడువుకు ముందే, 2004లో రద్దయింది. ఎన్నికల్లో రద్దు మాట ఇచ్చిన్రు గనుక రద్దు చేయాల్సి వచ్చింది. మనం గెలిచినమనుకున్నం. మిఠాయిలు పంచుకున్నం. అక్కడే మోసపోయినం. అదే ఏడు పోటాలో ఉన్న టెర్రరిజం అధ్యాయాన్ని తీసుకొచ్చి, 1967 నుంచి ఉన్న చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో కలిపిన్రు. అదే ఉపా. దానికి గడువు లేదు. చెప్పేది అర్థమవుతున్నదా? టాడాకు, పోటాకు ఉన్న గడువే మనకు పట్టు దొరికిన చోటు. ఫలానా నెలలో పార్లమెంటుకు వస్తది, అంతలోపు ఎంపీని కలవాలె అని తేదీ పెట్టుకొని పని చేసేటోళ్లం. ఉపాతో ఆ పట్టు పోయింది. 2008లో ముంబయి దాడుల తర్వాత బెయిలు మరింత బిగిసింది. 2019లో సంస్థనే కాదు, ఒక మనిషిని కూడా కేసు తేలకుండానే టెర్రరిస్టు అని జాబితాలో చేర్చే అధికారం ఇచ్చిన్రు.

చట్టానికి గడువు లేదు, ఒప్పుకుంటున్న. కానీ ఆ చట్టం కింద పెట్టిన ప్రతి కేసులో గడువులున్నయి. 24 గంటలు, 30 రోజులు, 90 రోజులు, 180 రోజులు, 7 పనిదినాలు. పోలీసులకు, ప్రభుత్వానికి ఉన్న గడువులవి. వాటిని చూసేటోళ్లు లేరు. ఊర్లో మనం చేయాల్సిన పనిలో సగం ఇదే.

ఎందుకంటే ఈ కేసుల్లో శిక్ష తీర్పుతో రాదు, ముందే వస్తది. కేంద్ర హోం శాఖ రాజ్యసభలో చెప్పిన లెక్కనే చెప్తున్న. 2016 నుంచి 2019 వరకు ఉపా కింద అరెస్టయినోళ్లు 5,922 మంది. ఆ నాలుగేండ్లలో శిక్ష పడ్డోళ్లు 132 మంది. మిగతావాళ్లు ఏమైన్రు? ఎక్కువమంది జైల్లోనో, కోర్టుల చుట్టో తిరుగుతున్నరు. 43డి(5) సెక్షన్ ఏమంటదంటే, కేసు డైరీ, చార్జిషీటు చూసినప్పుడు ఆరోపణ పైకి నిజమేననిపిస్తే జడ్జి బెయిలు ఇవ్వకూడదు. 2019లో వతాలీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. బెయిలు దశలో సాక్ష్యాన్ని లోతుగా తూకం వేయొద్దన్నది. పోలీసు రాసింది, పోలీసే చూపించింది, అది పైకి నిజం లాగే ఉంటది గదా! 2021లో నజీబ్ కేసులో కొంత తలుపు తెరిచింది. విచారణ తొందరగా తేలే ఆశ లేనప్పుడు, చాలా ఏండ్లు జైల్లో గడిచినప్పుడు, హైకోర్టు, సుప్రీంకోర్టు రాజ్యాంగం కింద బెయిలు ఇవ్వొచ్చన్నది. 2023లో వెర్నన్ గొన్సాల్వెస్ కేసులో, 2024లో జలాలుద్దీన్ ఖాన్ కేసులో ఇంకొంచెం ముందుకొచ్చింది. కానీ కింది కోర్టులో, మన జిల్లాలో, ఇప్పటికీ వతాలీ పేరే ముందు వినపడతది.

ఉపా కింద జైల్లో పెట్టిన ఆదివాసీ హక్కుల కార్యకర్త స్టాన్ స్వామి గారికి 84 ఏండ్లు. పార్కిన్సన్స్ వ్యాధి, చేయి వణికి గ్లాసు పట్టుకోలేడు. నీళ్లు తాగడానికి స్ట్రా కోసం కోర్టుకు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. 2021 జూలై 5న బెయిలు రాకుండానే చనిపోయిన్రు. ప్రొఫెసర్ సాయిబాబా చక్రాల కుర్చీ మనిషి. 2014లో ఉపా కింద అరెస్టు. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నిర్దోషి అన్నది. తెల్లారి శనివారం సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చొని ఆ తీర్పును ఆపింది. 2024 మార్చిలో హైకోర్టు మళ్లీ నిర్దోషి అన్నది. బయటికొచ్చి ఏడాది కూడా కాకముందే, ఆ అక్టోబరులో హైదరాబాద్‌లో కన్నుమూసిన్రు. ఆ కేసులోనే ఉన్న పాండు నరోటే అనే ఆదివాసీ యువకుడు 2022 ఆగస్టులో, మొదటి తీర్పుకు రెండు నెలల ముందు, జైలు నిర్బంధంలోనే చనిపోయిండు. ఆయన నిర్దోషి అనే మాట ఆయన వినలేదు.

ఆ 2022 తీర్పు దేని మీద వచ్చిందో తెలుసా? కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి, శాంక్షన్ అంటరు, అది సరిగా లేదని. 45వ సెక్షన్ ప్రకారం శాంక్షన్ ఇచ్చేముందు వేరే అధికారి సాక్ష్యం చూసి 7 పనిదినాల్లో నివేదిక ఇయ్యాలె, ఆ తర్వాత ప్రభుత్వం 7 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలె. 2008 నిబంధనల్లో ఉన్నదిది. ఈ గడువులు తప్పనిసరి అని 2024లో సుప్రీంకోర్టు ఫులేశ్వర్ గోపె కేసులో చెప్పింది, అప్పటినుంచి ముందుకు వర్తిస్తదని. అంటే శాంక్షన్ ఉత్తర్వు మీద ఉన్న తేదీలు మూడు చూడాలె: సాక్ష్యం ఎప్పుడు పంపిన్రు, నివేదిక ఎప్పుడొచ్చింది, సంతకం ఎప్పుడయింది. ఆ మూడు తేదీలు కాపీలో కనపడకపోతే లాయరుతో కోర్టులో అడిగించండి. మొదటి అవకాశంలోనే అడగాలె, కేసంతా అయినంక అడిగితే విలువ తగ్గుతది.

ఇగ మొదటి రోజు సంగతి. ఒక మనిషిని తెల్లవారుజామున తీసుకపోయిన్రు. మఫ్టీలో వచ్చిన్రు, బండికి పోలీసు అని రాసి లేదు. ఏం చేయాలె? మొదట, టైము రాయండి. గోడ గడియారం కాదు, ఫోన్లో టైము. బండి నంబరు, వచ్చినోళ్లెందరు, ఒంటి మీద పేరు పట్టీ ఉన్నదా లేదా. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలె. ఆ 24 గంటలు కాగితం మీద అరెస్టు రాసిన టైము నుంచి కాదు, ఇంట్లోంచి తీసుకపోయిన టైము నుంచి లెక్క. కాగితం మీద సాధారణంగా ఒక రోజో రెండు రోజులో తర్వాత ఏదో చౌరస్తాలో దొరికిండని ఉంటది. దాన్ని పొల్లు అని చూపించాల్సింది మనం. ఎట్ల? ఎదురుగా ఉన్న కిరాణా షాపు సీసీ కెమెరా. అది చాలా చోట్ల 15 రోజుల నుంచి నెలలోపు పాతది చెరిగిపోతది. అందుకే అదే రోజు పోయి షాపాయనను బతిమాలి, ఆ గంట రికార్డు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఆ తర్వాత, ఎస్పీకి, జిల్లా జడ్జికి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఈమెయిలు చేయండి, రిజిస్టరు పోస్టు కూడా వేయండి. ఈమెయిలు మీద టైము దానంతట అదే పడ్తది. అది రేపు మీకు సాక్ష్యం. ఫోన్లో స్టేషన్‌కు చేసి అడిగినమంటే దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

మనిషి ఆచూకీ చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్. దానికి అఫిడవిట్ వేసేది కళ్లారా చూసిన మనిషై ఉండాలె, తల్లో భార్యో తమ్ముడో. ఆధార్ కార్డు, ఆ రోజు రాసుకున్న కాగితం వాళ్ల దగ్గర ఉండాలె. మనోళ్లు చేసే తప్పు ఏందంటే నాయకుడి పేరు మీద అఫిడవిట్ వేస్తరు. ఆయన చూసి ఉండడు, విని ఉంటడు. అది బలహీనం.

అరెస్టు మెమో మీద ఇంటివాళ్లతో సంతకం పెట్టిస్తరు. మెమోలో అరెస్టయిన టైము గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పదనిపిస్తే సంతకం పక్కనే మీ చేతిరాతతో ఆ రోజు తేదీ, టైము రాయండి. రెండు మాటలే, కానీ అవి తర్వాత మారవు. ఇంకోటి. అరెస్టు ఎందుకు చేస్తున్నరో, దానికి ఆధారాలేందో రాతలో ఇయ్యాలె. ఇది 2024 మే నెలలో ప్రబీర్ పురకాయస్థ కేసులో ఉపా అరెస్టులకే సుప్రీంకోర్టు చెప్పింది. ‘దర్యాప్తుకు అవసరం, సాక్ష్యం చెరిపేస్తడు’ అని అచ్చు కాగితం మీద ఉంటే అది ఎవరి మీదైనా అతికే మాట. ఫలానా మనిషి ఫలానా పని చేసిండని ఉండాలె. అది లేకపోతే అరెస్టే చెల్లదని ఆ కేసులోనే విడుదల చేసిన్రు. రిమాండుకు పెట్టేటప్పుడు లాయరు మొట్టమొదట అడగాల్సింది ఈ కాగితమే.

లాయరుకు వాదించే అధికారం ఇచ్చే కాగితం, వకాలత్‌నామా, దాని మీద ఖైదీ సంతకం కావాలె. జైలుకు పోయినంక ఆ సంతకం జైలు అధికారి ధ్రువీకరిస్తేనే చెల్లుతది. దానికి రెండు మూడు రోజులు పోతయి. అందుకే రిమాండు రోజు కోర్టు ఆవరణలోనే నాలుగు వకాలత్‌నామాల మీద సంతకాలు తీసుకోండి: ఒకటి ఆ కోర్టుకు, ఒకటి సెషన్స్‌కు, ఒకటి హైకోర్టుకు, ఒకటి అదనంగా. లాయరు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది, ఫోను 15100. నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేదు, ఉచితంగా లాయరును ఇయ్యాల్సిందే.

ఇప్పుడు అసలు లెక్క. రాసుకోండి. ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టిన్రో ముందు చూడండి. ఉపా 10, 13 సెక్షన్లు మూడో అధ్యాయంలో ఉన్నయి. వాటికి 43డి(5) బెయిలు అడ్డంకి లేదు! ఆ అడ్డంకి నాలుగో అధ్యాయానికి, ఆరో అధ్యాయానికే, అంటే 15 నుంచి 23 వరకు, తర్వాత 38, 39, 40. ఉపా అనంగనే ‘ఇగ బెయిలు రాదు’ అని ఇంట్లోవాళ్లకు చెప్పేటోళ్లు మన దగ్గర చాలామంది. ఏ సెక్షనో చూడకుండా ఆ మాట చెప్పొద్దు. ఆ తల్లి అప్పుడే ఆశ వదిలేస్తది, లాయరు దగ్గరికి పోవడం మానేస్తది. అయితే ముందస్తు బెయిలు మాత్రం ఉపా కింద ఏ సెక్షన్‌కూ లేదు.

చార్జిషీటు 90 రోజుల్లో వేయాలె. వేయకపోతే డిఫాల్ట్ బెయిలు హక్కు. మామూలు నేరాల్లో ఇది దాటదు. ఉపాలో పబ్లిక్ ప్రాసిక్యూటరు అడిగితే 180 రోజుల దాకా పెంచొచ్చు. రోజులు లెక్క పెట్టడంలో తప్పు జరుగుతది. మొదటిసారి రిమాండు చేసిన రోజు కూడా లెక్కలో ఉంటది. ఈ మాట 2023లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఒక ఉదాహరణ చేద్దాం. జనవరి 10న రిమాండు. జనవరిలో ఆ రోజుతో కలిపి 22 రోజులు. ఫిబ్రవరి 28 కలిపితే 50. మార్చి 31 కలిపితే 81. ఇంకా తొమ్మిది కావాలె, ఏప్రిల్ 9. అంటే 90వ రోజు ఏప్రిల్ 9. ఏప్రిల్ 10 పొద్దున కోర్టు తెరిచే టైముకు లాయరు చేతిలో అర్జీ ఉండాలె. లీపు సంవత్సరమైతే 90వ రోజు ఒక రోజు ముందే, ఏప్రిల్ 8నే వస్తది, అది మర్చిపోవద్దు. ఆదివారం వచ్చినా పండుగ వచ్చినా రోజుల లెక్క ఆగదు.

ఎందుకింత తొందర? అర్జీ పెట్టకముందే పోలీసులు చార్జిషీటు పెడితే ఆ హక్కు పోతది. పొద్దున పదిన్నరకు చార్జిషీటు, పదకొండుకు మన అర్జీ, అయిపోయింది. రాతలో అర్జీ సిద్ధం కాకపోతే నోటితో అడిగినా చెల్లుతదని 2017లో రాకేష్ కుమార్ పాల్ కేసులో చెప్పిన్రు. కానీ నోటి మాట మీద ఆధారపడొద్దు. అర్జీ రెండు కాపీలు, కోర్టు స్టాంపు, టైము, ఇవి తీసుకోవాలె. బెయిలు వచ్చినంక షరతులు, జామీనుదారులు. జామీను ఇచ్చేటోళ్లను 91వ రోజు వెతికితే ఎవరూ దొరకరు. 60వ రోజునే ఇద్దరు మనుషులు, వాళ్ల పట్టాదారు పాసు పుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఫొటోలు సిద్ధంగా పెట్టుకోవాలె. ఇది లాయరు చేసే పని కాదు, ఊరి కమిటీ చేసే పని.

180కి పెంచమని అడిగినప్పుడు కూడా మూడు సంగతులు చూడండి. దర్యాప్తు ఎంతవరకొచ్చింది, ఇంకా ఈ మనిషిని జైల్లో ఎందుకుంచాలె అన్నది ప్రాసిక్యూటరే తన నివేదికలో చెప్పాలె, దర్యాప్తు అధికారి ఇచ్చిన ఉత్తరానికి పైన ఒక కవరు కాగితం జోడిస్తే సరిపోదు. ఆ పొడిగింపు అడిగిన రోజు నిందితుడిని కోర్టు ముందు పెట్టాలె, కనీసం వీడియోలోనైనా. పెట్టకుండా పెంచితే చెల్లదని 2022లో జిగర్ కేసు. ఇక, పెంచే అధికారం మామూలు మేజిస్ట్రేటుకు లేదు, ప్రత్యేక కోర్టుకో సెషన్స్ కోర్టుకో మాత్రమే. 2020లో బిక్రంజీత్ సింగ్ కేసులో మేజిస్ట్రేటు పెంచినందుకే డిఫాల్ట్ బెయిలు వచ్చింది. మండల కోర్టుల్లో ఈ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ, కన్నేసి ఉంచండి.

ఎఫ్ఐఆర్ కాపీ గురించి ఒక మాట. మామూలు ఎఫ్ఐఆర్ 24 గంటల్లో వెబ్‌సైటులో పెడతరు, టెర్రరిజం లాంటి వాటికి మినహాయింపు ఉన్నది. కాబట్టి కోర్టులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టాలె. కాపీ చేతికొచ్చినంక నిందితుల జాబితా చివర చూడండి. పేర్లన్నీ అయినంక ‘మరియు ఇతరులు’ అని ఒక ముక్క ఉంటది. ఆ రెండు మాటలు చిన్నగా కనపడతయి. అవే తెరిచి పెట్టిన తలుపు. తాడ్వాయి కేసు గుర్తున్నదా? 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయిలో ఉపా కేసు పెట్టిన్రు. అందులో 152 పేర్లున్నయని 2023 జూన్‌లో గానీ బయటపడలేదు. మన పాలమూరు బిడ్డ ప్రొఫెసర్ హరగోపాల్ పేరు అందులో ఉన్నది. కేసు పెట్టేనాటికే రెండేండ్ల కింద చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి జస్టిస్ సురేష్ పేరు కూడా ఉన్నది. పది నెలలు ఆ పేర్లు ఎవరికీ తెలియదు. తెలిసిన వారంలోపు రాష్ట్రమంతా మాట్లాడింది, ముఖ్యమంత్రే కేసు వెనక్కి తీసుకోమని చెప్పాల్సి వచ్చింది. కాగితం బయటికొస్తే ఏం జరుగుతదో చూసిన్రు గదా.

అదే మాట 2021లో కూడా. మార్చి 30న జీవో 73 తెచ్చి 16 సంస్థలను నిషేధించిన్రు, అందులో విరసం ఉన్నది, పౌరహక్కుల సంఘం ఉన్నది. ఉపా కింద కాదు, 1992 నాటి ప్రజాభద్రత చట్టం కింద. హైకోర్టుకు పోయినం, సభలు పెట్టినం, జూన్‌లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నరు. కోర్టు లోపల, కోర్టు బయట అని మొదట్లో చెప్పింది ఇదే.

ఇగ ఊర్లో సంఘం ఎట్ల నడవాలె? మండలానికి ఐదుగురు చాలు. ఒక మహిళ, ఒక ముస్లిం, ఒక దళిత, ఒక లంబాడీ తండా మనిషి ఉండాలె, ఎందుకంటే కేసులు వచ్చేది ఆ ఇండ్లలోకే. ఒక నోట్‌బుక్కు. మొదటి పేజీలో మనిషి పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, రిమాండు తేదీ, 90వ రోజు, 180వ రోజు, తర్వాతి వాయిదా. రెండో పేజీలో ఎవరు ఏ తేదీన కోర్టుకు పోయిన్రు. అంతే. వాట్సాప్ గ్రూపులో తేదీలు పెట్టడం నోట్‌బుక్కుకు బదులు కాదు, అవి మూడు వందల మెసేజుల కింద పోతయి.

డబ్బుల విషయంలో గట్టిగా ఉండండి. ఉపా 17, 40 సెక్షన్లు డబ్బుల సేకరణ మీదనే ఉన్నయి. చందా రసీదు పుస్తకం కార్బన్ కాపీతో, ఇద్దరి సంతకంతో, ఇచ్చినాయన పేరు, ఫోను నంబరుతో ఉండాలె. ఖర్చుకు బిల్లు పెట్టాలె. ఖైదీ కుటుంబానికి ఇచ్చే బస్సు ఖర్చులకు కూడా కాగితం రాయండి. లెక్కలు సరిగా లేని సంఘాన్ని ఒక్క నోటీసుతో ఆపేస్తరు. కరపత్రం కింద అచ్చు వేసిన ప్రెస్సు పేరు, బాధ్యుడి పేరు, తేదీ వేయండి.

సభకు అనుమతి అడిగితే డీఎస్పీ ఆఫీసులో ‘30 యాక్టు అమలులో ఉన్నది’ అంటరు. పోలీసు చట్టం 30వ సెక్షన్ ఊరేగింపులను, సభలను క్రమబద్ధం చేయడానికి ఉన్నది, మొత్తంగా మూసేయడానికి లేదు. కనీసం వారం ముందు దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇయ్యమని అడగండి. రాతలో ఇస్తే హైకోర్టుకు పోవచ్చు, ఇయ్యకపోతే ఆ స్టాంపు కాపీతోనే పోవచ్చు. నోటితో అడిగి నోటితో తిరిగొస్తే ఏమీ మిగలదు.

ఇంకా ఒక మాట, నాకు ముఖ్యమైన మాట. మనం ఎవరి కోసం నిలబడతం? పేరున్న ప్రొఫెసరు అరెస్టయితే రౌండ్ టేబుల్ పెడతం, పత్రికలు రాస్తయి. అచ్చంపేట పక్కన ఒక తండాలో పిల్లగాడు అరెస్టయితే మనకు తెలిసేసరికి నెల అయితది. ఆ నెలలోనే 30 రోజుల పోలీసు కస్టడీ అయిపోతది. మామూలు కేసుల్లో 15 రోజులే, ఉపాలో 30. దెబ్బలు తినేది ఆ రోజుల్లోనే. మన లోపం ఇది. పెద్ద పేర్ల కోసం పెట్టే శక్తిలో సగం ఈ పిల్లగాళ్ల మీద పెట్టాలె.

పేలుడు బాధితుల సంగతి కూడా మాట్లాడాలె. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినోళ్లు చనిపోయిన్రు. పోలీసులు పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకపోయిన్రు, కొట్టిన్రు. వాళ్లను కోర్టులు వదిలేసినయి. ప్రభుత్వమే తప్పయిందని 70 మందికి పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు దాన్ని కూడా కొట్టేసింది. తర్వాత వేరేవాళ్ల మీద కేసు నడిపిన్రు, 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చిన్రు. మరి బాంబు పెట్టిందెవరు? చనిపోయినోళ్ల తల్లులకు ఎవరు జవాబు చెప్తరు? ‘మీరు టెర్రరిస్టుల పక్షమా’ అని ఊర్లో అడిగేటోళ్లకు ఈ కేసు చెప్పండి. దొరికినోడిని పట్టుకొని ఏండ్లు లోపల పెట్టగలిగే చట్టముంటే, నిజంగా చేసినోడిని వెతికే కష్టం ఎవరు పడతరు?

పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, గురించి తొందరగా చెప్త, టైము అవుతున్నది. 1986 నాటి మన రాష్ట్ర చట్టం. విచారణే లేకుండా 12 నెలల దాకా. ఇది మన జిల్లాల్లో గుడుంబా కేసు నుంచి భూమి గొడవ దాకా వాడిన్రు. కలెక్టరో కమిషనరో ఉత్తర్వు ఇస్తే 12 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకోవాలె, 3 వారాల్లో సలహా బోర్డుకు పంపాలె, 7 వారాల్లో బోర్డు చెప్పాలె. తెలంగాణలో ఈ చట్టం వాడే తీరును సుప్రీంకోర్టు 2022లో, 2023లో, 2024లో వరుసగా తప్పు పట్టింది. ఇంటివాళ్లు చేయాల్సిందేందంటే, విడుదల చేయమని మూడు వేరువేరు అర్జీలు: ఉత్తర్వు ఇచ్చిన అధికారికి ఒకటి, ప్రభుత్వానికి ఒకటి, బోర్డుకు ఒకటి. ఒక్కటే అర్జీ ముగ్గురి పేరున రాస్తే ఒకరి మీద ఒకరు తోసుకుంటరు. జవాబు ఆలస్యమైతే ఆ ఆలస్యమే విడుదలకు కారణం అవుతది.

ఉపా మొత్తంగా రద్దు కావాలె, దాని మీద మనకు అనుమానం లేదు. అంతవరకు రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నయి. పాత ఉపా కేసులన్నీ సమీక్షించి, చార్జిషీటు లేనివి, నిలవనివి వెనక్కి తీసుకోవాలె. ప్రాసిక్యూటరు కోర్టు అనుమతితో ఉపసంహరించే అధికారం చట్టంలోనే ఉన్నది. ఎమ్మెల్యేతో అసెంబ్లీలో ప్రశ్న వేయించండి, జిల్లావారీగా లెక్క అడగండి. మనం కూడా సమాచార హక్కు కింద ఎస్పీ ఆఫీసుకు 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో దరఖాస్తు పెడదాం. పేర్లు అడగొద్దు, అడిగితే దర్యాప్తు సాకుతో నిరాకరిస్తరు. ఏడాదివారీగా ఎన్ని ఎఫ్ఐఆర్‌లు, ఏ సెక్షన్లు, ఎన్నింటికి శాంక్షన్, ఎన్నింటికి చార్జిషీటు, ఎన్ని తీర్పులు, ఇవి మాత్రమే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు.

చీటీలు వచ్చినయి. చదువుత.

‘విచారణకు రమ్మని ఫోన్ చేస్తున్నరు, పోవాలా?’ ఫోనుకు పోవద్దు. రాతలో నోటీసు ఇయ్యమనండి. సాక్షిగా పిలిస్తే మహిళలను, 60 ఏండ్లు దాటినోళ్లను, 15 ఏండ్ల లోపు పిల్లలను, ఒంట్లో బాగలేనోళ్లను ఇంటి దగ్గరే అడగాలె, స్టేషన్‌కు పిలవకూడదు, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 179 సెక్షన్. నోటీసొస్తే లాయరుతో పోండి. పోయిన టైము, వచ్చిన టైము నోట్‌బుక్కులో.

‘ఫోన్ తీసుకపోతే?’ పంచనామాలో ఐఎంఈఐ నంబరు, సిమ్ నంబరు రాయించండి, మీ ముందే సీలు వేయమనండి. దాంట్లో ఉన్నది మార్చలేదని చూపే హ్యాష్ నంబరు కావాలని అడగండి. ఇయ్యకపోతే, ‘అడిగినం, ఇయ్యలేదు’ అని పంచనామా మీదనే రాయించండి. తర్వాత అందులో ఏదో కొత్త ఫైలు దొరికిందంటే ఆ వాక్యమే మనకు ఆధారం.

‘మా తమ్ముడికి తెలుగు చదవరాదు, అరెస్టు కాగితం ఇంగ్లీషులో ఇచ్చిన్రు.’ అమ్మా, ఈ చీటీ రాసింది మీరేనా? అతనికి అర్థమయ్యే భాషలో ఇయ్యాలె. లంబాడీ మాట్లాడేటాయన అయితే చదివి వినిపించిన్రా, ఎవరు వినిపించిన్రు, ఆ మనిషి సంతకం ఉన్నదా చూడాలె. ఆ కాగితం ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకొని, రెండు జిరాక్సులు తీసి ఒకటి లాయరుకు ఇవ్వండి. అందులో తేదీ ఏముందమ్మా? సభ అయినంక నా దగ్గరికి రండి, ఇక్కడే కూర్చొని 90వ రోజు ఎప్పుడో లెక్క పెడదాం.